ఇన్‌పుట్ పిన్నుల దగ్గరే తేల్చుకో: ప్రభు గోయల్, పోడెమ్, ఆపైన వెరిలాగ్

తయారైన చిప్పులో లోపాలు (ఫాల్టులు) పట్టుకునే టెస్టుల్ని తానే వెతికి ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఏటీపీజీ. అది రన్ అయ్యాక వచ్చే రిపోర్టులో, ఎన్ని ఫాల్టులు పట్టుబడతాయో చెప్పే కవరేజీ శాతం కింద రెండు అంకెలు ఉంటాయి. అన్‌టెస్టబుల్ ఇన్ని, అబార్టెడ్ ఇన్ని. చాలామంది ఈ రెండింటినీ "దొరకని ఫాల్టులు" అని ఒకే గాటన కట్టేస్తారు. కానీ మొదటిది రుజువు: అన్ని దారులూ చూశాను, దీనికి టెస్టు లేదు అని. రెండోది చేతులెత్తేయడం: ఇంతవరకు వెతికాను, లెక్క దాటింది, వదిలేస్తున్నాను అని. ఒక ఫాల్టుకి టెస్టు లేదని టూలు అంత ధీమాగా ఎలా చెప్పగలుగుతోందో అర్థం కావాలంటే 1981 మార్చిలో ఐఈఈఈ ట్రాన్సాక్షన్స్ ఆన్ కంప్యూటర్స్‌లో వచ్చిన పేపరు చూడాలి. టెస్టులు వెతికే పోడెమ్ అనే పద్ధతి అందులోదే. రాసినవారు ప్రభు గోయల్. ఐఐటీ కాన్పూర్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్, కార్నెగీ మెలన్‌లో పీహెచ్‌డీ, ఆ తర్వాత ఐబీఎంలో చిప్పు టెస్టింగ్ పని.

ముందు సమస్య. తయారైన చిప్పులో ఒక తీగ 0 దగ్గరో 1 దగ్గరో ఇరుక్కుపోయిందనుకుంటాం. అదే స్టక్-ఎట్ ఫాల్టు. మూడు ఇన్‌పుట్ల ఆండ్ గేటుకి నాలుగు తీగలు, అంటే ఎనిమిది ఫాల్టులు. వీటిలో మూడు ఇన్‌పుట్ల స్టక్-ఎట్-0, అవుట్‌పుట్ స్టక్-ఎట్-0 బయటికి ఒకేలా కనిపిస్తాయి కాబట్టి నాలుగూ కలిసి ఒకటి. మిగిలేవి ఐదు. ప్రతి ఫాల్టుకీ రెండు పనులు జరగాలి. ఇరుక్కున్న విలువకి వ్యతిరేక విలువ ఆ తీగ మీదికి తేవాలి, తేడా వచ్చాక దాన్ని అవుట్‌పుట్ పిన్ను దాకా నడిపించాలి.

దీనికి మొదటి పక్కా పద్ధతి కూడా ఐబీఎం నుంచే వచ్చింది. 1966లో జె. పాల్ రాత్ ఇచ్చిన డి-అల్గారిథమ్. మంచి చిప్పులో 1, చెడిన చిప్పులో 0 ఉన్న తీగకి డి అని పేరు పెట్టి, ఆ డిని గేటు తర్వాత గేటు దాటిస్తూ అవుట్‌పుట్‌కి చేర్చడం. దారిలో ఏ తీగకి ఏ విలువ కావాలో అక్కడికక్కడే రాసుకుని, వాటిని తర్వాత వెనక్కి వెళ్లి సమర్థించుకోవడం. చిక్కంతా ఈ "తర్వాత"లోనే ఉంది. ఆండ్ గేటు అవుట్‌పుట్ 1 కావాలంటే ఇన్‌పుట్లన్నీ 1, వేరే మాట లేదు. అదే ఎక్సార్ గేటు అవుట్‌పుట్ 1 కావాలంటే 01 అయినా సరే, 10 అయినా సరే. ప్రతి గేటు దగ్గరా ఒక ఎంపిక. పదహారు ఇన్‌పుట్ల ఎక్సార్ చెట్టులో (రెండేసి ఇన్‌పుట్ల గేట్లు కలుస్తూ ఒక్క అవుట్‌పుట్‌కి చేరే అమరిక) గేట్లు 15, అంటే 2 × 2 అలా పదిహేను సార్లు, 32,768 రకాలు.

ఒంటరి చెట్టు అయితే ఏ రకం ఎంచుకున్నా పని జరుగుతుంది. మెమరీ ఎర్రర్ కరెక్షన్ సర్క్యూట్లలో అలా కుదరదు. 64 డేటా బిట్లకి 8 చెక్ బిట్లు (తప్పు పట్టే అదనపు బిట్లు), ఒక్కో చెక్ బిట్టుకి ఒక ఎక్సార్ చెట్టు, ఒక్కో డేటా బిట్టు కనీసం మూడు చెట్లలోకి వెళ్తుంది. ఒక చెట్టులో సరదాగా చేసుకున్న ఎంపిక ఇంకో చెట్టులో అదే బిట్టు దగ్గర అడ్డం తిరుగుతుంది, అదీ చాలా ఆలస్యంగా. అప్పుడు వెనక్కి, మళ్లీ వెనక్కి. డి-అల్గారిథమ్ చతికిలపడింది ఇలాంటి సర్క్యూట్ల మీదే.

గోయల్ చేసిన మార్పు చెప్పుకుంటే ఒక్క వాక్యం: లోపలి తీగల మీద నిర్ణయాలు తీసుకోవద్దు, ఇన్‌పుట్ పిన్నుల మీదే తీసుకో. లోపలి విలువలన్నీ సిమ్యులేషన్ నుంచి వాటంతట అవే రావాలి. అలా వచ్చిన విలువని సమర్థించాల్సిన పనే ఉండదు. ఇంటర్వ్యూల్లో స్టెప్పులు అప్పజెప్పేవాళ్లు చాలామందే ఉంటారు గానీ, విషయం ఇదొక్కటే.

స్టెప్పులు ఇలా నడుస్తాయి. మొదట ఒక లక్ష్యం: ఫలానా తీగ మీద 1 కావాలి. ఆ తీగ నుంచి వెనక్కి నడిచి ఒక్క ఇన్‌పుట్ పిన్ను పట్టుకోవాలి, మధ్యలో నాట్, నాండ్, నార్ తగిలినప్పుడల్లా విలువ తిరగేస్తూ. ఆ పిన్నుకి విలువ పెట్టి సర్క్యూట్ మొత్తం సిమ్యులేట్ చేయాలి. ఫాల్టు బయటపడిందా, డి ఇంకా ముందుకెళ్లే దారి మిగిలిందా చూడాలి. అవుట్‌పుట్ దాకా విలువ తేలని తీగలతో ఒక్క దారైనా లేకపోతే ఇక ఎదురుచూడక్కర్లేదు, చివరి పిన్ను విలువ తిప్పేయాలి. అదీ పనికిరాకపోతే ఆ పిన్నుని వదిలి అంతకు ముందు పిన్నుకి వెళ్లాలి. వెనక్కి నడిచేటప్పుడు ఒక చిట్కా ఉంది. ఆండ్ అవుట్‌పుట్ 1 కావాలంటే ఇన్‌పుట్లన్నీ సర్దాలి కాబట్టి కష్టమైనదాన్ని ముందు పట్టుకో, ఓడిపోయేదైతే తొందరగా ఓడిపోతాం. అవుట్‌పుట్ 0 కావాలంటే ఒక్కటి చాలు, తేలికైనదాన్ని పట్టుకో.

టెస్టు లేకపోవడం ఎలా రుజువవుతుందో చిన్న సర్క్యూట్ మీద చూడొచ్చు. మూడు ఆండ్ గేట్లు: ఏ-బీ, నాట్ ఏ-సీ, బీ-సీ. మూడూ ఒక ఆర్ గేటులోకి. మూడో ఆండ్ అవుట్‌పుట్ స్టక్-ఎట్-0 అనుకుందాం. బీ = 1, సీ = 1 పెడితేనే అక్కడ తేడా వస్తుంది. ఇప్పుడు ఏ = 1 పెడితే మొదటి ఆండ్ 1 అయి ఆర్‌ని కప్పేస్తుంది. ఏ = 0 పెడితే రెండోది కప్పేస్తుంది. పిన్నులు అయిపోయాయి, దారులు అయిపోయాయి, కాబట్టి టెస్టు లేదు. అలాగని ఆ గేటు దండగ అని పీకేయకండి. ఏ మారే క్షణంలో అవుట్‌పుట్ మీద గ్లిచ్ (క్షణకాలం తప్పు విలువ) రాకుండా దాన్ని అక్కడ పెట్టి ఉండొచ్చు.

పిన్నులు వందలుంటే ఈ వెతుకులాట కూడా ఘాతాంకంగా పెరుగుతుంది. అందుకే బ్యాక్‌ట్రాక్ లిమిట్, అంటే ఎన్నిసార్లు వెనక్కి వెళ్లొచ్చన్న హద్దు. అది దాటిన ఫాల్టు అబార్టెడ్. అన్‌టెస్టబుల్ లిస్టుకి లిమిట్ పెంచి ప్రయోజనం లేదు, అబార్టెడ్ లిస్టుకి ఉంది. లిమిట్ పదింతలు చేసి ఆ ఫాల్టుల మీదే మళ్లీ నడపండి. అప్పటికీ మిగిలినవి ఎక్కువగా వెడల్పాటి కంపేరేటర్లు, మల్టిప్లయర్లు, ఎక్సార్ చెట్ల చుట్టూ గుంపుగా కనిపిస్తాయి. అక్కడ ఒక టెస్ట్ పాయింట్ (లోపలి తీగని నేరుగా చూడ్డానికో మార్చడానికో పెట్టే అదనపు చోటు) పెట్టడం, రాత్రంతా రన్ వేయడం కన్నా చవక.

పోడెమ్‌కి ఫ్లాపులు (క్లాకు కొట్టినప్పుడల్లా ఒక బిట్టు దాచుకునే మూలకాలు) తెలియవు, జ్ఞాపకం లేని కాంబినేషనల్ లాజిక్ మాత్రమే తెలుసు. ఆ లోటు తీర్చింది కూడా ఐబీఎం వాళ్లే. ఐకల్‌బర్గర్, విలియమ్స్ 1977లో వివరించిన ఎల్ఎస్ఎస్‌డీ పద్ధతిలో మెమరీ మూలకాలన్నీ టెస్ట్ మోడ్‌లో ఒక గొలుసుగా మారిపోతాయి. అప్పుడు ప్రతి ఫ్లాపూ పోడెమ్ కంటికి ఒక ఇన్‌పుట్, ఒక అవుట్‌పుట్. నేటి స్కాన్ చెయిన్ దాని వారసురాలే. ఖర్చు లెక్క సులువు: లక్ష ఫ్లాపులు, 100 చెయిన్లు అంటే ఒక ప్యాటర్న్‌కి (ఒక టెస్టుకి కావాల్సిన బిట్లకి) 1000 షిఫ్ట్ సైకిళ్లు, అంటే బిట్లని గొలుసులో ఒక్కో అడుగు జరపడం. 2000 ప్యాటర్న్‌లు, 50 మెగాహెర్ట్జ్ షిఫ్ట్ క్లాకు అయితే 40 మిల్లీసెకన్లు. ఒక్క చెయిన్ మిగతావాటికన్నా రెట్టింపు పొడవుంటే మొత్తం టైమూ రెట్టింపే, అందుకే చెయిన్ల పొడవులు సమానంగా ఉండాలని అంత పట్టుదల.

స్కాన్‌లో చెడేవి ఎప్పుడూ అవే. షిఫ్ట్ దారిలో రెండు ఫ్లాపుల మధ్య లాజిక్ ఉండదు కాబట్టి హోల్డ్ (క్లాకు తర్వాత డేటా కాసేపు మారకుండా ఉండాలనే నియమం) తప్పుతుంది. క్లాక్ డొమైన్ (ఒకే క్లాకు మీద నడిచే భాగం) మారే చోట లాక్-అప్ లాచ్ (డేటాని అర సైకిల్ ఆపే మూలకం) పెట్టకపోతే డేటా ఒక ఫ్లాపుని దూకేస్తుంది. నెగటివ్ ఎడ్జ్ ఫ్లాపుల్ని, అంటే క్లాకు 1 నుంచి 0కి దిగేటప్పుడు పనిచేసేవాటిని, చెయిన్ మొదట్లో పెట్టాలి. పాజిటివ్ తర్వాత నెగటివ్ వస్తే ఒకే సైకిల్లో రెండింటిలోనూ ఒకే బిట్టు కూర్చుంటుంది. క్లాక్ గేటింగ్ సెల్‌కి (పని లేనప్పుడు క్లాకు ఆపేది) టెస్ట్ ఎనేబుల్ కట్టడం మరిచిపోతే దాని కిందున్న ఫ్లాపులకి షిఫ్ట్‌లో క్లాకే రాదు. అసింక్రనస్ రీసెట్ (క్లాకు కోసం ఆగని రీసెట్) లోపలి లాజిక్ నుంచి వస్తుంటే, షిఫ్ట్ అవుతున్న డేటానే రీసెట్ కొట్టేస్తుంది. ర్యాండమ్ ఫిల్ చేస్తే, అంటే టెస్టుకి అక్కర్లేని బిట్లలో తోచిన 0, 1 నింపేస్తే, ప్రతి షిఫ్ట్‌కీ దాదాపు సగం ఫ్లాపులు మారతాయి, సప్లై కుంగి మంచి చిప్పు కూడా ఫెయిల్ అవుతుంది. పక్క బిట్టు విలువే నింపితే ఆ గొడవ తగ్గుతుంది, ప్యాటర్న్‌లు మాత్రం కాస్త పెరుగుతాయి.

గోయల్ తర్వాత ఐబీఎం వదిలి, కొన్నాళ్లకి సొంత కంపెనీ పెట్టారు. అదే గేట్‌వే డిజైన్ ఆటోమేషన్. అక్కడ ఫిల్ మూర్బీ 1983-84 చలికాలంలో రూపమిచ్చిన, సర్క్యూట్లని రాసి సిమ్యులేట్ చేసే భాషే వెరిలాగ్. గేటు స్థాయి సిమ్యులేషన్‌లో వాళ్ల సిమ్యులేటర్ వెరిలాగ్-ఎక్స్ఎల్ వేగమే దాన్ని అమ్మింది. గేట్‌వేని చిప్పు డిజైన్ సాఫ్ట్‌వేర్ కంపెనీ కేడెన్స్ కొనేసింది. అలాంటిదే ఇంకో భాష వీహెచ్‌డీఎల్‌తో పోటీ ముదురుతుండగా 1990లో భాషని అందరికీ తెరిచారు, 1995లో అది ఐఈఈఈ 1364 ప్రమాణమైంది. టెస్టింగ్ మనిషి పెట్టిన కంపెనీ నుంచి డిజైన్ భాష రావడం వింతేమీ కాదు. ప్యాటర్న్ సరిగ్గా ఉందో లేదో చూడాలన్నా ముందు సిమ్యులేటరే కావాలి కదా.

ఈ రెండు ప్రపంచాలూ ఢీకొనే చోటు ఎక్స్. పోడెమ్‌లో ఎక్స్ అంటే ఇంకా నిర్ణయించలేదని, ఏదైనా పెట్టుకోవచ్చని. వెరిలాగ్‌లో ఎక్స్ అంటే ఎంతో తెలియదని. వెరిలాగ్ ఇఫ్ షరతు ఎక్స్ అయితే నోరు మెదపకుండా ఎల్స్‌లోకి పోతుంది, ఆర్‌టీఎల్‌లో (గేట్లుగా మారక ముందు రాసిన డిజైన్ కోడ్‌లో) అంతా బాగానే కనబడుతుంది. గేటు నెట్‌లిస్ట్‌లో (గేట్లు, వాటి తీగల జాబితాలో) అదే ఎక్స్ పదిచోట్లకి పాకి ప్యాటర్న్ మిస్‌మ్యాచ్ చూపిస్తుంది. అప్పుడు వెతికే క్రమం ఇది: ముందు 00110011 తో చెయిన్ టెస్టు సీరియల్‌గా, అది పాసయ్యేదాకా మిగతాది ముట్టుకోవద్దు. తర్వాత టైమింగ్ లేకుండా ప్యారలల్ లోడ్, అంటే షిఫ్ట్ చేయకుండా ఫ్లాపుల్లోకి నేరుగా విలువలు పెట్టడం. ఆ తర్వాతే ఎస్‌డీఎఫ్ (గేట్ల, తీగల ఆలస్యాలు రాసిన ఫైలు) టైమింగ్‌తో. టైమింగ్ లేకుండానే తేడా వస్తుంటే మొదట చూడాల్సినవి ఇనిషియలైజ్ కాని మెమరీ అవుట్‌పుట్లు, టెస్ట్ మోడ్‌లో విలువ కట్టని పిన్నులు.