అమెరికా హైస్కూల్లో పీ-గ్లో ల్యాబ్: నా అనుభవం

అమెరికాలో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చెప్పే కాలేజీ స్థాయి) బయాలజీ చెప్పేవాళ్ళు చేయించే జెనెటిక్స్ ప్రయోగాల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించేది బాక్టీరియల్ ట్రాన్స్‌ఫర్మేషన్. జెల్లీఫిష్ జన్యువున్న ప్లాస్మిడ్‌ను (చిన్న గుండ్రటి డీఎన్‌ఏ ముక్క) ఈ.కోలై బాక్టీరియాలోకి పంపితే, అది యూవీ వెలుగులో ఆకుపచ్చగా మెరుస్తుంది. నేను బయో-రాడ్ వాళ్ళ పీ-గ్లో కిట్ వాడతాను. ఒక కిట్ ఎనిమిది బృందాలకు సరిపోతుంది. స్పాటర్లు, రికార్డులతో ఇంటర్ ప్రాక్టికల్స్ చేసి వచ్చినవాళ్ళు ముందే తెలుసుకోవాల్సింది ఒకటుంది: ఇక్కడ చాలా స్కూళ్ళలో ల్యాబ్ అసిస్టెంట్ ఉండడు. తయారీ అంతా టీచరుదే, ఫలితం సగం అక్కడే తేలిపోతుంది.

ప్లేట్లు రెండు మూడు రోజుల ముందే పోసుకోవాలి, తడి ఆరాలి. 500 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో ఎల్‌బీ అగార్ (బాక్టీరియాకు ఆహారం ఉన్న జెల్లీ) మరిగించి, ముందు మామూలు ఎల్‌బీ ప్లేట్లు 16 పోస్తాను. మిగిలినదానిలో యాంపిసిలిన్ అనే యాంటీబయాటిక్ కలిపి మరో 16, చివరగా అరాబినోజ్ అనే చక్కెర కూడా కలిపి 8. యాంపిసిలిన్‌ను తట్టుకునే జన్యువు కూడా ప్లాస్మిడ్‌లోనే ఉంటుంది. యాంపిసిలిన్ కలిపే ముందు అగార్ 50 డిగ్రీలకు దిగాలి. తొందరపడి వేడి మీద కలిపితే మందు చెడిపోతుంది, ప్లాస్మిడ్ లేని బాక్టీరియా కూడా ఆ ప్లేటు నిండా పెరుగుతుంది, ఇక పోల్చి చూడ్డానికి ఏమీ మిగలదు. ప్రయోగానికి కావాల్సిన బాక్టీరియాను పెంచే స్టార్టర్ ప్లేట్లు ల్యాబ్‌కు 24 నుంచి 36 గంటల ముందు గీయాలి. పాతబడిన కాలనీలు (బాక్టీరియా గుంపులు) ప్లాస్మిడ్‌ను సరిగా తీసుకోవు.

క్లాసులో నిరీక్షణకే 23 నిమిషాలు పోతాయి, 50 నిమిషాల పీరియడ్ బొటాబొటిగా సరిపోతుంది. రెండు ట్యూబుల్లో 250 మైక్రోలీటర్ల చొప్పున కాల్షియం క్లోరైడ్ ద్రావణం పోసి, ఐసులో పెట్టి, ఒక్కో కాలనీ కలపాలి. గడ్డలు కనిపించకుండా కలిసేదాకా లూప్ (చివర చిన్న రింగు ఉన్న పుల్ల) తిప్పాలి. ప్లాస్మిడ్ 10 మైక్రోలీటర్లు ఒక ట్యూబుకే, రెండోది పోలిక కోసం. ఐసులో 10 నిమిషాలు, 42 డిగ్రీల నీళ్ళలో 50 సెకన్లు, మళ్ళీ ఐసులో 2 నిమిషాలు. ఫెయిలయ్యేది ఎక్కువగా ఇక్కడే: ట్యూబు అడుగు ఫోమ్ ర్యాక్ కిందికి దిగకపోతే వేడి తగలదు, ఐసు డబ్బా వాటర్ బాత్‌కు దూరంగా ఉంటే నడిచేలోపు ట్యూబు వెచ్చబడుతుంది. రెండూ పక్కపక్కనే పెట్టండి. తర్వాత 250 మైక్రోలీటర్ల ఎల్‌బీ బ్రాత్ పోసి 10 నిమిషాలు వదలాలి. ఆ వ్యవధిలోనే బాక్టీరియా యాంపిసిలిన్‌ను తట్టుకునే ఎంజైమ్ తయారుచేసుకోవడం మొదలుపెడుతుంది, అందుకే దీన్ని కుదించకూడదు. ప్లేటుకు 100 మైక్రోలీటర్లు పరిచి, బోర్లించి, 37 డిగ్రీల దగ్గర ఒక రోజు ఉంచాలి.

అసలు జెనెటిక్స్ మర్నాడు మొదలవుతుంది. ప్లాస్మిడ్ వేసిన ట్యూబు నుంచి పరిచినవాటిలో, యాంపిసిలిన్ మాత్రమే ఉన్న ప్లేటు మీద కాలనీలు వస్తాయి గాని మెరవవు. అరాబినోజ్ ఉన్న ప్లేటు మీదవి మెరుస్తాయి. రెండిటిలోనూ ఒకే ప్లాస్మిడ్, ఒకే జన్యువు. జన్యువు ఉండడం వేరు, అది పనిచేయడం వేరు అన్న సంగతి పిల్లలు కళ్ళారా చూసేది ఇక్కడే. కారణం నేను చెప్పను, వాళ్ళే వాదించుకోనిస్తాను. అరాబినోజ్ చేరేదాకా అరాసీ ప్రోటీన్ ఆ జన్యువును ఆపి ఉంచుతుందన్న చోటికి చాలామంది చేరతారు.

ప్లేట్లు ఇంక్యుబేటర్‌లో ఇంకో రోజు ఉండిపోతే పెద్ద కాలనీల చుట్టూ చిన్న తెల్లని చుక్కలు లేస్తాయి. వాటిని మ్యుటేషన్లు అనుకుంటారు, కావు. పెద్ద కాలనీలు విడిచిన ఎంజైమ్ చుట్టుపక్కల యాంపిసిలిన్‌ను విరగ్గొట్టడంతో, ప్లాస్మిడ్ లేనివీ అక్కడ పెరుగుతాయి. కాలనీల లెక్కలో వాటిని కలపకూడదు.

ట్రాన్స్‌ఫర్మేషన్ ఎంత బాగా జరిగిందో మైక్రోగ్రాము ప్లాస్మిడ్‌కు ఎన్ని కాలనీలు వచ్చాయన్న లెక్కతో తేలుతుంది. ప్లాస్మిడ్ గాఢత మైక్రోలీటరుకు 0.08 మైక్రోగ్రాములు. 10 మైక్రోలీటర్లంటే 0.8, ట్యూబులోని 510లో 100 పరిచాం కాబట్టి ప్లేటు మీద సుమారు 0.16. 320 కాలనీలుంటే మైక్రోగ్రాముకు 2,000. ఈ లెక్క వాళ్ళ చేతే చేయించండి.

చివరగా ప్లేట్లు, లూప్‌లు, పిపెట్లు అన్నీ 10 శాతం బ్లీచ్‌లో కనీసం 20 నిమిషాలు నానాకే చెత్తలోకి వెళ్ళాలి.