ఆర్గానిక్ పాలపొడి ఎగుమతి: నా అనుభవం

మా డెయిరీ మొదటిసారి ఆర్గానిక్ పాలపొడిని యూరోపియన్ యూనియన్‌కు పంపినప్పుడు కాగితాల పనంతా నేనే చూసుకున్నాను. ఆర్గానిక్ సర్టిఫికెట్ ఉంటే సగం పని అయినట్టేనని చాలామంది అనుకుంటారు. అలా కుదరదు. ఆవులు ఏం తిన్నాయి, ఏ మందులు వాడారు అన్నది ఒక తనిఖీ. ఆ పాలతో పశువ్యాధులు వచ్చే ప్రమాదం ఉందా అన్నది పూర్తిగా వేరే తనిఖీ.

ముందు వ్యాధుల సంగతి తేల్చుకున్నాం. దేశం, ప్లాంటు రెండూ యూరప్ అనుమతి జాబితాలో లేకపోతే మిగతా శ్రమంతా దండగే. మావి ఉన్నాయి. ప్రభుత్వ పశువైద్యాధికారి పాలను ఎంత వేడి చేశామో ప్లాంటు చార్టు తెప్పించి చూశారు. గాలికుంటు వైరస్ చావడానికి ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ ఒప్పుకునే పద్ధతుల్లో 132 డిగ్రీల వేడి, కనీసం ఒక సెకను, అన్నది ఒకటి. చార్టు సరిపోయింది, పశువైద్య సర్టిఫికెట్ మీద సంతకం పెట్టారు.

అసలు టెన్షన్ మంద రిజిస్టరు దగ్గర. ఒక ఆవుకు పొదుగువాపు వస్తే యాంటీబయాటిక్ ఇచ్చారు. ఆర్గానిక్ తనిఖీకి వచ్చినావిడ ఆ చెవి ట్యాగు నంబరు మీద వేలు పెట్టి, మందు పేరు, ఆఖరి డోసు తేదీ, పాలు మళ్లీ ట్యాంకులో కలిపిన తేదీ వరసగా చదివించారు. మామూలుగా పాలు పక్కన పెట్టే గడువుకు రెట్టింపు, ఎంత తక్కువైనా 48 గంటలు ఆగాలన్నది యూరప్ నియమం. మేం ఆగాం, రాసి ఉంది. అదే అమెరికాకైతే ఆ ఆవు పాలు ఇక ఎప్పటికీ ఆర్గానిక్ కావు. 2012లో ఇరుపక్షాలూ ఒకరి ప్రమాణాలను ఒకరు గుర్తించినప్పుడు కూడా ఈ తేడా అలాగే మిగిలింది. నాకు యూరప్ పద్ధతే న్యాయంగా అనిపిస్తుంది. వైద్యం చేయిస్తే ఆవు పాలకు విలువ పోతుందన్న భయం రైతుకు ఉండకూడదు. జబ్బుపడిన పశువుకు మందు ఆపకూడదని అమెరికా నియమాల్లోనూ ఉంది. కానీ ఆ నష్టం భరించేది రైతే.

2022 జనవరి 1 నుంచి అమలైన యూరప్ కొత్త ఆర్గానిక్ నియమావళి ప్రకారం, ఆర్గానిక్ తనిఖీ సర్టిఫికెట్ సరుకు దేశం దాటకముందే ట్రేసెస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో జారీ కావాలి. కంటైనర్ తలుపు మూశాక సీలు మీద అంకెలను రెండు సర్టిఫికెట్లతో ఒక్కొక్కటిగా పోల్చుకున్నాకే బండిని వదిలాను. ప్రపంచమంతా వాడే ఆరంకెల కస్టమ్స్ కోడ్‌లో పాలపొడి 0402తో మొదలయ్యే అంకెల కిందికి వస్తుంది, ఆర్గానిక్‌కు వేరే గడి లేదు. తేడా తెలిపేది ఆర్గానిక్ తనిఖీ సర్టిఫికెటే. సరిహద్దు తనిఖీ కేంద్రంలో దానికి ఆమోదం పడకపోతే, ఇంత శ్రమపడి చేసిన పొడిని ఆర్గానిక్ పేరుతో అమ్మడానికి వీల్లేదు.

మాది ఆర్గానిక్‌గానే విడుదలైంది. ఇప్పుడు అమెరికా నుంచి కొనుగోలుదారు అడుగుతున్నారు. అందుకని ఒక్కసారైనా యాంటీబయాటిక్ తీసుకున్న ఆవుల పాలను వేరే ట్యాంకులోకి మళ్లించే ఏర్పాట్లు చేస్తున్నాం.