వాకర్ కాళ్లకి ఆ కన్నాలెందుకు

గుంటూరు కొత్తపేటలో సర్జికల్ షాపు కౌంటర్ మీద పదకొండేళ్లుగా వాకర్లు అమ్ముతున్నాను. అట్టపెట్టె విప్పడం, మడత తీయడం, "గట్టి సరుకు, తీసుకెళ్లండి బాబాయ్" అనడం. ఎదురుగా నిలబడ్డ మనిషి ఎత్తెంతో చూసిన పాపాన పోలేదు. అదే వాకర్ నా చేతికొచ్చాక గానీ ఆ కన్నాలు ఎందుకున్నాయో బుర్రకెక్కలేదు.

నాకొచ్చింది గులియన్ బారే సిండ్రోమ్, ఒంట్లోని రోగనిరోధక శక్తే నరాల మీద పడే జబ్బు. 2025 జనవరిలో పుణె వార్తలతో ఈ పేరు అందరి నోళ్లలో పడింది, నాకు అంతకు ముందు ఏడే వచ్చింది. విరేచనాలు తగ్గిన పది రోజులకి అరికాళ్లు తిమ్మిరెక్కాయి, మూడో రోజుకి మెట్లెక్కలేకపోయాను. మొదట చూసిన డాక్టరు "నీరసం, బీ12 తక్కువ" అని సూది రాసి పంపాడు. మోకాలి చిప్ప కింద చిన్న సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి ఉంటే కాలు ఎగరడం లేదని అక్కడే తెలిసేది. ఆ సుత్తి మా షాపులో నూటయాభై రూపాయలు. ఈ కోపం మాత్రం ఇంకా తగ్గలేదు.

రెండో ఆసుపత్రిలో నరాల పరీక్ష, వెన్నులో నీరు తీయడం, ఇమ్యునోగ్లోబ్యులిన్ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు) ఎక్కించడం చకచకా అయిపోయాయి. మందు కిలో బరువుకి 2 గ్రాములు, ఐదు రోజులకి పంచి ఎక్కిస్తారు. నా 70 కిలోలకి 5 గ్రాముల సీసాలు 28.

రెండో రాత్రి మాత్రం చెప్పాలి. బలహీనత కాళ్ల నుంచి పైకి పాకుతోంది, ఛాతీ కండరాలకి చేరితే వెంటిలేటరే. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు గుండెల నిండా గాలి పీల్పించి, ఒకే ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమన్నాడు. ఆరోగ్యంగా ఉన్నవాడు 50 దాకా వెళ్తాడు, 20 లోపు పడితే ప్రమాదం. ఎనిమిదింటికి 34. పదకొండింటికి భయంతో వన్, టూ వదిలేసి ఒకటి, రెండు అన్నాను, 23 దగ్గర ఆగిపోయాను. ఆయన వెంటనే పట్టేశాడు. "మొదట ఏ భాషలో చెబితే అందులోనే చెప్పండి సార్. ఇరవై దాటాక మన అంకెలు పొడుగు, ఊపిరి ముందే అయిపోతుంది." మళ్లీ ఇంగ్లీషులో చెబితే 27. రెండింటికి 19. ఐసీయూకి మార్చారు. తెల్లారేదాకా నాలో నేనే లెక్కపెట్టుకుంటూ పడుకున్నాను. 17 దగ్గర ఆగింది, అంతకన్నా కిందికి పోలేదు. ఆ పిల్లాడి పేరు కూడా అడగలేదు.

ఐసీయూలో చేతికిచ్చింది మూడు బంతుల స్పైరోమీటర్, ఊపిరితిత్తుల కసరత్తుకి వాడే ప్లాస్టిక్ డబ్బా. నేను వందల్లో అమ్మాను, అందులోకి ఊదాలనే అనుకునేవాణ్ణి. పీల్చాలి. బంతులు లేవడానికి సెకనుకి 600, 900, 1200 సీసీల గాలి లాగాలి. మూడూ టక్కున ఎగరేయడం గొప్ప కాదు, మొదటి బంతిని రెండు మూడు సెకన్లు పైనే నిలపడం మేలు. గంటకి పదిసార్లు. పక్కకి వంచి పట్టుకుంటే బంతి సులువుగా లేస్తుంది, మనల్ని మనం మోసం చేసుకోవడానికి భలే పనికొస్తుంది.

మూడు వారాలకి టిల్ట్ టేబుల్. ఛాతీకి, నడుముకి, మోకాళ్లకి పట్టీలు వేసి, పాదాలు కింది పలకకి ఆనించి, మంచాన్ని నిలువుగా లేపుతారు. మడమ పలకని తాకాల్సిందే, లేకపోతే పిక్క బిగుసుకుపోతుంది. 30 డిగ్రీల దగ్గర మొదలు, ఐదు నిమిషాలకి బీపీ చూసి ఇంకో పది. 50 దగ్గర నాకు పైబీపీ 118 నుంచి 92కి పడింది, గది తిరిగింది, దించేశారు. ఈ జబ్బులో రక్తనాళాల్ని బిగించే నరాలూ దెబ్బతినొచ్చు, అప్పుడు నిలబెట్టగానే రక్తం కాళ్లలోకి జారుతుంది. 20 పడిందంటే దించాల్సిందే. మర్నాడు వేళ్ల నుంచి తొడల దాకా క్రేప్ బ్యాండేజీ, పొట్టకి బెల్టు కట్టి లేపితే 60 దాటాను.

వాకర్ సంగతికొస్తా. మా బావమరిది షాపు నుంచే తెచ్చాడు, నేను అమ్మినట్టే బిగించి. కాలి పొడవు మార్చుకోవడానికే ఆ కన్నాలు, మూడు కాళ్లు ఒకే వరస కన్నంలో ఉన్నాయి, నాలుగోది రెండు కన్నాల కింద. రెండో అడుగుకే ఊగింది. ఫిజియో అమ్మాయి నా మొహం చూసి, "సార్, మీరే కదా వీటిని అమ్మేది?" అంది. బూట్లు వేసుకుని నిటారుగా నిలబడి చేతులు వదిలేస్తే, పిడి మణికట్టు గీత దగ్గరికి రావాలి. అప్పుడు మోచేయి కాస్త వంగుతుంది. పిడి ఎత్తైతే భుజాలు చెవుల్లోకి పోతాయి, కిందికైతే నడుం వంగుతుంది. కాలి గొట్టంలోని స్ప్రింగు గుండీ కన్నంలోంచి పూర్తిగా బయటికొచ్చి టక్కుమనాలి. ముందు వాకర్, తర్వాత బలం లేని కాలు, ఆ తర్వాత రెండోది. కుర్చీలోంచి లేచేటప్పుడు వాకర్‌ని పట్టి లాగితే అది మీదకొస్తుంది. కుర్చీ చేతుల మీద బలం వేసి లేవాలి. కాళ్ల కింది రబ్బరు బుష్‌ల గీతలు అరిగితే మార్చేయండి, బాత్రూమ్ టైల్స్ మీద పడేది అందుకే.

పాదం పైకి లేవక వేళ్లు నేలకి రాసుకునేవి, దానికి ఏఎఫ్‌ఓ ఇచ్చారు. కాలికి అచ్చు తీసి చేసే ప్లాస్టిక్ తొడుగు. మేజోడు మీదే వేసుకోవాలి, మడమ వెనక్కి పూర్తిగా దిగాకే పట్టీ లాగాలి. విప్పాక ఎర్రటి మచ్చ అరగంటలో పోతే ఫర్వాలేదు. నాకు బయటి చీలమండ దగ్గర పోలేదు. చేసినాయన హీట్ గన్‌తో ఆ చోట ఉబ్బించి ఇచ్చాడు. ఒక సైజు పెద్ద బూటు కొని, లోపలి అట్ట తీసేశాను. బూటు లేకుండా ఈ తొడుగుతో నున్నటి గచ్చు మీద నడిస్తే జారడం ఖాయం. మన ఇళ్లలో గుమ్మం దగ్గరే చెప్పులు విడుస్తాం కదా, అక్కడే చిక్కు. ఇంట్లోకని ఒక జత బూట్లు వేరే పెట్టుకున్నాను.

ఇంటికొచ్చాక మా బాబాయి, "మనసులో ఉండాలిరా, బద్ధకిస్తే కాళ్లెలా వస్తాయి?" అన్నాడు. అర కిలో వెయిట్ కఫ్‌తో (కాలికి చుట్టే బరువు పట్టీ) కాలు పదిసార్లు లేపితే చాలన్నది ఫిజియో. రోషానికి పోయి కిలో కట్టి యాభై చేశాను. రెండు రోజులు మంచం దిగలేదు. అప్పుడప్పుడే ప్రాణం పోసుకుంటున్న కండరాన్ని అలా అలసిపోనిస్తే ఉన్న బలమూ పోతుంది. నిన్నటి నొప్పి ఇవాళ పొద్దుటికీ ఉంటే సగానికి దించాలి. బాబాయి ఇంటికి ఇంతవరకూ వెళ్లలేదు. వేడినీళ్ల సంచి పెట్టింది అమ్మ. స్పర్శ లేని పిక్క మీద రూపాయి బిళ్లంత బొబ్బ లేచింది. ఆవిణ్ణి ఏమంటాం?

కోటప్పకొండ మెట్లెక్కిస్తానని మొక్కుకుందట అమ్మే, నా కాళ్లతో! ఘాట్ రోడ్డులో కారులో వెళ్లొచ్చాం. గుడి ముందు బూటూ తొడుగూ విప్పి, బావమరిది భుజం పట్టుకుని లోపలికెళ్లాను. స్వామి సర్దుకున్నట్టే ఉన్నాడు.

ఇప్పుడు షాపులో వాకర్ కావాలంటే మనిషిని తీసుకురమ్మంటున్నాను, రాలేకపోతే నేల నుంచి మణికట్టు దాకా టేపుతో కొలిచి తెమ్మంటున్నాను. మా ఓనరుకి చిరాకు. నా ఎడమ బొటనవేలు ఇంకా పైకి లేవదు, హవాయి చెప్పు నాలుగడుగులకోసారి జారిపోతుంది.