విజయవాడ నుంచి డాలస్: అమ్మ ప్రయాణం లెక్క

అక్క పురిటికి అమ్మ ఒక్కతే డాలస్ వెళ్లాల్సి వచ్చింది. "మొత్తం ఎన్ని గంటలు పడుతుందిరా?" అని అడిగింది. టికెట్టు చూసి చెప్పేద్దామంటే కుదరదు. దుబాయ్‌లో తెల్లవారుజామున 3 గంటలకు బయలుదేరే విమానం అదే రోజు ఉదయం 10కి డాలస్ చేరుతుందని అందులో ఉంది. చూస్తే ఏడు గంటలే. కానీ గాలిలో ఉండేది 16 గంటలు. టికెట్టు మీద ఎక్కడి సమయం అక్కడిదే వేస్తారు, వేసవిలో డాలస్ గడియారం దుబాయ్ కన్నా 9 గంటలు వెనక.

ముందు దూరం తేల్చుకున్నాను. గన్నవరం విమానాశ్రయం నుంచి డాలస్‌కు భూమి వంపు మీదుగా అతి దగ్గరి దారి సుమారు 14,500 కి.మీ. గ్లోబు మీద దారం పట్టి చూస్తే అది ఇంచుమించు ఉత్తర ధ్రువాన్ని తాకుతూ వెళ్లింది! మనం ఉన్నది 81 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, డాలస్ 97 డిగ్రీల పడమర. రెండూ కలిపితే 178, అంటే దాదాపు అర్ధచక్రం. గోడకు తగిలించే పటంలో ఈ సంగతి ఎంత చూసినా తెలియదు.

మాకు దొరికిన దారి శంషాబాద్ నుంచి దుబాయ్ 2,550 కి.మీ., అక్కడి నుంచి డాలస్ 12,900 కి.మీ. శంషాబాద్ నుంచి నేరుగా ఎగిరినా 14,400 తప్పదు. కాబట్టి చుట్టు అనుకున్నది వెయ్యి కిలోమీటర్లే, గంట పైచిలుకు ప్రయాణం. మనిషిని అలసటకు గురిచేసేది నేల మీద గడిచే గంటలు.

అందుకే ఒక కాగితం మీద మొత్తం ప్రయాణాన్ని మన సమయంలోనే రాశాను. మధ్యాహ్నం 1కి ఇంటి నుంచి కారు. రాత్రి 9.30కి శంషాబాద్‌లో విమానం. ఒంటిగంటంబావుకు దుబాయ్. 4.30కి రెండో విమానం. మరునాడు రాత్రి 8.30కి డాలస్. ఇమ్మిగ్రేషన్‌కు, సామానుకు రెండు గంటలు వేస్తే మొత్తం ముప్ఫై మూడున్నర గంటలు. అందులో ఎగిరేది ఇరవై కూడా లేదు.

ఈ కాగితం అసలు అవసరం అమ్మ షుగరు మాత్రల దగ్గర తెలిసింది. డాక్టరుగారికి చూపిస్తే, దిగేదాకా మన సమయం ప్రకారమే వేసుకోమని, ప్రతి మాత్రకూ ఎదురుగా గంట రాసిచ్చారు. ఎవరి మందులు వారివి, మీ డాక్టరును అడగండి. అమ్మ చేతి గడియారం దారిలో మార్చలేదు. వీల్‌చైర్ సాయం టికెట్టుతోనే అడిగి పెట్టుకున్నాం, దుబాయ్‌లో గేటు వెతుక్కునే బాధ తప్పింది. నడవ పక్క సీటు తీసుకోవడం వల్ల మధ్యమధ్య లేచి నడవగలిగింది.

ఇప్పుడు తిరుగు ప్రయాణం కాగితం రాస్తున్నాను. పడమటి గాలులు తోడవుతాయి గనుక ఆ విమానం గంటకు పైగా తక్కువ సమయం తీసుకుంటుంది. అయితే అమ్మ వచ్చేది డిసెంబరులో. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, మనకూ డాలస్‌కూ తేడా పదిన్నర నుంచి పదకొండున్నర గంటలవుతుంది. మాత్రల వేళలన్నీ మళ్లీ వేయాలి.