బాలాతోన్ ఒడ్డున రవీంద్రుని చెట్టు

మదనపల్లెలో పెరిగిన నాకు రవీంద్రనాథ్ ఠాగూర్ పేరు పాఠ్యపుస్తకం కంటే ముందు పెద్దల మాటల్లోనే పరిచయమైంది. ఆయన 1919లో మా ఊరి బీసెంట్ కళాశాలకు వచ్చి కొన్నాళ్లు ఉండి, 'జనగణమన'ను అక్కడే ఇంగ్లీషులోకి అనువదించారని మా నాన్నగారు ఎన్నోసార్లు చెప్పేవారు. అందుకే హంగరీ రాజధాని బుడాపెస్టులో ఉద్యోగం చేస్తున్న మా అన్నయ్య, "ఠాగూర్ నాటిన చెట్టు ఇక్కడికి దగ్గరలోనే ఉందమ్మా, చూసి వద్దాం" అన్నప్పుడు, రాజధానిలో చూడవలసినవి ఇంకా మిగిలి ఉన్నా వాటిని పక్కన పెట్టి సెప్టెంబరులో ఒక ఉదయం బాలాతోన్‌ఫ్యూరెద్‌కు రైలెక్కాను.

మధ్య ఐరోపాలోకెల్లా పెద్దదైన బాలాతోన్ సరస్సుకు ఉత్తరపు ఒడ్డున ఉన్న ఊరిది. సరస్సు పొడవు సుమారు 77 కిలోమీటర్లున్నా సగటు లోతు మూడు మీటర్లకు కాస్త ఎక్కువ, అంతే. ఊరికి పేరు తెచ్చినది మాత్రం సరస్సు కంటే ముందు ఊట నీరు. చికిత్సాలయాల నడుమ ఉన్న పాత కూడలిలో, స్తంభాల మండపం కింద, 1848 విప్లవ నాయకుడు కొషూత్ లాయోష్ పేరు పెట్టిన ఊట ఉంది. హంగరీవారు దీన్ని 'పుల్లని నీరు' అంటారు. నేను దోసిలి పట్టి తాగాను. సన్నని బుడగలు నాలుకను చురుక్కుమనిపించాయి, వెనుకే ఇనుము రుచి తగిలింది. మొదటి గుక్క కష్టమే గాని, రెండోది ఇష్టంగానే దిగింది.

ఆ కూడలిలోనే హృద్రోగుల ఆసుపత్రి ఉంది. 1926లో ఐరోపా పర్యటనలో ఉన్న ఠాగూర్ బుడాపెస్టులో అస్వస్థులైనప్పుడు ఆయనను చికిత్సకు తీసుకువచ్చినది ఇక్కడికే. అప్పటికి ఆయనకు 65 ఏళ్లు. కోలుకున్నాక, ఆ నవంబరు 8న, సరస్సు ఒడ్డున ఒక లిండెన్ మొక్క నాటారు. అది ఇప్పుడు తల పైకెత్తి చూడవలసినంత చెట్టు. దాని దగ్గర ఠాగూర్ శిరోవిగ్రహం ఉంది. విగ్రహం గొప్పదే అయినా నా చేయి చెట్టు బెరడు మీదికే పోయింది, ఎందుకంటే ఆ విగ్రహం ఆయన తరువాతివారి భక్తికి గుర్తు, ఈ చెట్టు మాత్రం పరాయి దేశంలో జబ్బుపడి లేచిన మనిషి ఆ నేలకు స్వయంగా చెల్లించిన కృతజ్ఞత. ఇందిరా గాంధీ కూడా తరువాతి కాలంలో ఇక్కడ చెట్టు నాటారు. 1961లో ఇక్కడే చికిత్స పొందిన ఇటలీ కవి సాల్వతోరె క్వాసిమోదో కూడా అదే చేశారు. ఒడ్డు వెంట సాగే బాటకు ఠాగూర్ పేరే పెట్టారు. గుండెకు చికిత్స చేయించుకుంటున్నట్టు కనిపించిన వృద్ధ దంపతులు ఆ నీడలో ఒకరి చేయి ఒకరు పట్టుకుని మెల్లగా నడుస్తుంటే, దారికి ఇంతకన్నా తగిన పేరు లేదనిపించింది.

మిగిలిన చోట్లను తొందరగానే చూశాం. 1825 జూలైలో తొలి ఆన్నా నృత్యోత్సవం జరిగిన హోర్వాత్ భవనం కూడలి పక్కనే ఉంది; ఆ సంప్రదాయం నేటికీ సాగుతోంది. కొంచెం పైకి నడిస్తే 1846లో పూర్తయిన గుండ్రని చర్చి, దాని దగ్గరలోనే నవలాకారుడు యోకాయ్ మోర్ వేసవి గృహం ఉన్నాయి. నటి అయిన ఆయన భార్య లాబోర్‌ఫల్వి రోజా కూడా కాపురమున్న ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం.

సాయంత్రం రేవు దగ్గర కూర్చున్నాం. బాలాతోన్ మీద మొట్టమొదటి ఆవిరి నౌక 'కిష్‌ఫలూది' 1846లో నీటిలోకి దిగినది ఈ ఊరిలోనే. ఎదుట తిహాన్ కొండ మీద, 1055లో మొదటి ఆంద్రాష్ రాజు స్థాపించిన మఠం జంట గోపురాలు ఎండలో మెరుస్తున్నాయి. అక్కడికి వెళ్లే సమయం లేకపోయినందుకు ఇప్పటికీ మనసు పీకుతూనే ఉంది.

వచ్చేముందు అన్నయ్య ఊట దగ్గర ఒక సీసా నింపాడు. బుడాపెస్టు చేరి మూత తీసేసరికి బుడగలన్నీ పోయి, ఇనుము రుచి ఒక్కటే మిగిలింది. ఇద్దరం చెరిసగం తాగాం.