డ్యుఫీ నీస్‌లో గీత దాటిన నీలం

బయట మంచు కురుస్తున్న ఓ మధ్యాహ్నం షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్రెంచ్ చిత్రకారుడు రౌల్ డ్యుఫీ బొమ్మ ముందు ఆగిపోయా, 1928లో వేసిన ‘తెరిచిన కిటికీ, నీస్’. కిటికీ అవతల ఎండ, సముద్రం, చూస్తున్నకొద్దీ ఆ నీలం గదిలోకి కూడా వచ్చేసినట్టే అనిపించింది. కోటు కూడా విప్పకుండా అరగంట అక్కడే ఉండిపోయా.

ఆయన పుట్టింది ఫ్రాన్స్ ఉత్తర భాగంలో, లె హావ్ర్ రేవులో, 1877లో. దక్షిణాన ఉన్న నీస్ వాళ్ళావిడ ఊరు. అక్కడి బీచ్ రోడ్డు, ప్రామెనాడ్ దెజాంగ్లే, దాని పక్కన ఆ వంపు తిరిగిన సముద్రం, సముద్రంలోకి కట్టిన గుమ్మటాల కాసినో, వీటిని ఎన్నిసార్లు వేశాడో! రెండో ప్రపంచ యుద్ధంలో ఆ కాసినోని జర్మన్లు విప్పేశారు, ఇప్పుడు అక్కడ ఉత్త నీళ్ళే, కానీ డ్యుఫీ బొమ్మల్లో మాత్రం ఎండలో అలాగే నిలబడుంది, అది తలుచుకుంటే నాకు ఒక్కోసారి కళ్ళు తడుస్తాయి.

ఆయన బొమ్మల్లో రంగు గీత లోపల ఉండదు. పడవ గీత ఒకచోట, దాని రంగు పక్కకి జారి ఇంకోచోట. కంటికి ముందు అందేది రంగు, ఎక్కువసేపు నిలిచేదీ రంగే, ఆకారం తర్వాతే అని ఆయన నమ్మాడు, మిట్టమధ్యాహ్నం సముద్రం వైపు చూసి కళ్ళు చికిలించిన ఎవరికైనా ఆ మాట నిజమే అనిపిస్తుంది. ఇంకో సంగతి, 1911 ప్రాంతంలో పోల్ ప్వారె అనే బట్టల డిజైనర్ కోసం చెక్క అచ్చులు చెక్కి గుడ్డల మీద అద్దకం చేయించాడు, ఆ తర్వాత చాలా ఏళ్ళు పట్టుబట్టల కంపెనీకి డిజైన్లు ఇచ్చాడు. ఇది చదివినప్పుడు నాకు మా పెడన గుర్తొచ్చింది. కలంకారీ అద్దకంలో ముందు గీత అచ్చు, తర్వాత రంగుకో అచ్చు, కాస్త జరిగితే రంగు గీత దాటేస్తుంది, ఆ బట్ట పక్కన పెట్టేస్తారు. ఈయన కావాలనే జరిపాడు.

ఉత్త సంబరం బొమ్మలు అని తేలిగ్గా తీసేసేవాళ్ళంటే నాకు కోపం. కీళ్ళవాతంతో చేతులు బిగుసుకుపోయాయి ఆయనకి, కార్టిజోన్ అనే మందుతో వైద్యం కోసం 1950లో బోస్టన్ దాకా వెళ్ళాడు, అయినా రంగుల్లో వెలుతురు తగ్గలేదు. 1953లో పోయాడు, సమాధి నీస్‌లోనే, సిమియే కొండ మీద.

ఆ బొమ్మ పోస్ట్‌కార్డు మా వంటింట్లో అంటించా. మొన్న అమ్మ దాని దగ్గరికెళ్ళి చూసి, వేలు పెట్టి చూపిస్తూ "ఇక్కడ రంగు జరిగిందే" అంది, తర్వాత కాసేపు అలాగే చూస్తూ నిలబడింది.