హడావుడిలో పెట్టిన ట్వీట్

2020 ఆగస్టులో యూరోపియన్ సొసైటీ ఆఫ్ కార్డియాలజీ సదస్సు ఆమ్‌స్టర్‌డామ్‌లో జరగాల్సింది. కోవిడ్ వల్ల మొత్తం ఆన్‌లైన్‌కి మారింది, రిజిస్ట్రేషన్ కూడా ఉచితం చేశారు. మామూలుగా అయితే పీజీ చేస్తున్న నేను అంత దూరం వెళ్లే మాటే లేదు. ల్యాప్‌టాప్‌లో సెషన్, చేతిలో ఫోన్, ఫోన్‌లో ట్విట్టర్. సదస్సు హ్యాష్‌ట్యాగ్‌తో లైవ్ ట్వీట్లు పెట్టాలని ముందురోజే తీర్మానించుకున్నాను.

29న ఎంపరర్ రెడ్యూస్డ్ అనే మందు పరీక్ష ఫలితాలు చెప్పారు. ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మందు, షుగర్ ఉన్నా లేకపోయినా, హార్ట్ ఫెయిల్యూర్‌లో పనికొస్తుందా అన్నది ప్రశ్న. స్లైడ్ మీద హజార్డ్ రేషియో (రెండు గ్రూపుల ముప్పును పోల్చే నిష్పత్తి) 0.75 అని కనిపించింది. నాకంటే ముందు ఇంకెవరైనా పెట్టేస్తారేమో అన్న టెన్షన్‌లో స్క్రీన్‌షాట్ తీసి, "100 మందిలో 25 మందికి ముప్పు తప్పింది" అని రాసి వదిలేశాను.

రీట్వీట్లు వచ్చిపడుతుంటే తెగ సంబరపడ్డాను. పావుగంటకి ముక్కూ మొహం తెలియని ఓ కార్డియాలజిస్టు, ప్లసీబో గ్రూపులో (మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్లలో) ఎంతమందికి జరిగిందో చూశారా అని మర్యాదగానే అడిగారు. చూడలేదు. అదే రోజు న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో వచ్చిన పేపర్ తెరిచాను. గుండె జబ్బుతో మరణం గానీ, హార్ట్ ఫెయిల్యూర్ ముదిరి ఆస్పత్రిలో చేరడం గానీ ప్లసీబో వాళ్లలో 24.7 శాతం, మందు వాడినవాళ్లలో 19.4 శాతం. అంటే సుమారు 16 నెలల్లో 100 మందిలో ఐదుగురికి తప్పింది. ఈ ఐదు అసలు తేడా (యాబ్సల్యూట్). నేను చెప్పిన 25, ప్లసీబో వాళ్లతో పోలిస్తే ముప్పు ఎంత శాతం తగ్గిందన్న సాపేక్ష లెక్క (రిలేటివ్). పైగా మరణాలు ఒక్కటే విడిగా చూస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు, ఎక్కువ లాభం ఆస్పత్రిలో చేరడం తగ్గడం వల్లే. మందు మంచిదే, నా లెక్కే తప్పు.

అప్పట్లో ట్విట్టర్‌లో ఎడిట్ లేదు. డిలీట్ చేస్తే గుట్టుగా తప్పించుకున్నట్టు ఉంటుందనిపించింది, ఉంచితే తప్పు ఇంకా తిరుగుతుంది. చివరికి రెండు శాతాలూ రాసి, పొరపాటు నాదేనని కొత్త ట్వీట్ పెట్టి, ఆ తర్వాత పాతది తీసేశాను. అప్పటికే ఎవరైనా దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఉంటే దానికి నేను చేయగలిగింది ఏమీ లేదు.

హాల్లో అయితే పక్కనున్నవాళ్లని మోచేత్తో పొడిచి "ఇది రిలేటివా, యాబ్సల్యూటా?" అని అడిగేదాన్నే. గదిలో ఒక్కదాన్నే కూర్చుంటే ఆ పక్కవాళ్లు ఉండరు. మిగతా మూడు రోజులూ మా బ్యాచ్‌మేట్‌ని వాట్సాప్‌లో పట్టుకున్నాను. ట్వీట్ ముందు తనకి వెళ్లేది, రెండు గ్రూపుల అంకెలూ లేకపోతే వెనక్కి పంపేది. స్లైడ్ మీద ఫొటో వద్దన్న గుర్తు ఉంటే స్క్రీన్‌షాట్ మానేశాను. కేస్ సెషన్లలో ఎకో (గుండె స్కాన్) మీద రోగి వివరాలు కనిపించే అవకాశం ఉంటుంది కాబట్టి అక్కడ అసలు ఫోనే ముట్టలేదు.

తప్పు ట్వీట్‌కి తీసేసే లోపే 60 దాకా రీట్వీట్లు వచ్చాయి. సవరణకి నాలుగు. అందులో ఒకటి ఆ కార్డియాలజిస్టుదే.